ఎత్తి పెట్టే గది

మరదలు చొక్కాలు మడతపెట్టి అందిస్తోంది. తమ్ముడు వాటిని సంచిలో కుక్కుతున్నాడు. రెండు చొక్కాలు, ఒక పంట్లాం, తువ్వాలు, గడ్డం సామాను, జలుబు మాత్రలు. నాలుగు రోజుల ప్రయాణమని మరదలు అనుకుంటోంది. కానీ పాత పేపరులో చుట్టిన సర్టిఫికెట్లను తమ్ముడు చొక్కాల అడుక్కి తొయ్యడం ఆమె చూడలేదు. గుమ్మంలో గొడుగు దులుపుతున్న వాడి అక్క, ఆడిటరమ్మ చూసింది.

ఊరికి పోయేవాళ్ళ సంచి చూస్తే చాలు, ఎన్నాళ్ళకు పోతున్నారో తెలిసిపోతుంది. తిరిగొచ్చే ఉద్దేశం ఉన్నవాడు సబ్బో దువ్వెనో మర్చిపోతాడు. లేనివాడు ఏదీ మర్చిపోడు.

ఆడిటరమ్మ ఈ ఇంటికి ఎందుకొచ్చిందో కిందటి వారం చదివినవాళ్ళకు తెలుసు. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏటికి వరదొస్తే జనం ఫోను చేయడానికి ప్రభుత్వం ఒక సహాయకేంద్రం పెట్టింది. దాన్ని నడిపే పని ఒక కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ బిల్లు తనిఖీకి వచ్చినప్పుడు ఆడిటరమ్మ తన బల్ల మీది ఫోను నుంచే ఆ నెంబరు తిప్పింది. అవతల ఎవరో ఎత్తారు. మాట్లాడకుండా పెట్టేశారు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. ఆరా తీస్తే, ఆ కేంద్రానికి సూపర్‌వైజరు తన సొంత తమ్ముడేనని తేలింది. వైర్ల కంపెనీలో పని అని ఇన్నాళ్ళూ అక్కకు చెప్పుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది ఆడిటరమ్మ.

"కంపెనీ పని మీద. నాలుగు రోజులు."

"నాలుగు రోజుల పనికి పదో తరగతి సర్టిఫికెట్ అడిగారా?"

మరదలి చేతిలో చొక్కా ఆగిపోయింది. తమ్ముడు సంచి జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. నలభై దాటినా వాడి చేతులకు కంగారు తగ్గలేదు.

"అక్కా, నువ్వు ఆఫీసు మనిషిగా వచ్చావా, అక్కగా వచ్చావా?"

"ఏ లెక్కన వస్తే నిజం చెప్తావో చెప్పు, ఆ లెక్కన వస్తాను."

ఆమెకు సాయంత్రం దాకానే వ్యవధి ఉంది. పొద్దున పెద్దాఫీసరు ఒప్పందం కాగితం మీద వేలు పెట్టి మరీ చెప్పాడు. "పిలుపు వస్తే రిసీవరు ఎత్తాలని ఇందులో ఉంది. ఎత్తుతున్నారు. మాట్లాడాలని ఎక్కడుందో చూపించండి." ఆమె వెతికింది. ఎక్కడా లేదు. "ఆ గదిని నడిపే సూపర్‌వైజరే వచ్చి, మేం చేస్తున్నది ఇదీ అని నోటితో చెబితే బిల్లు ఆపుతాను. లేదంటే ఆఫీసు మూసేలోపు సంతకం పెట్టేస్తాను. మీకూ నాకూ గొడవ వదిలిపోతుంది" అన్నాడాయన, పళ్ళలో ఇరుక్కున్నదేదో నాలుకతో లాక్కుంటూ. ఆ సూపర్‌వైజరు తమ్ముడే. వాడేమో సంచి సర్దుకుంటున్నాడు.

"సాయంత్రం నాతో ఆఫీసుకి రా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ తర్వాత ఎక్కడికైనా పో."

"నేనేం చెప్పాలి? గుడిసెలో ఉన్నవాడు గుడిసెకే నిప్పు పెట్టుకుంటాడా?"

మరదలికి ఈ మాటల తోవ అర్థం కాలేదు. పెనిమిటిని వెనకేసుకు రావాలని మాత్రం అనిపించినట్టుంది.

"అదేంటి వదినగారూ, ఆయన్ని అట్లా నిలదీస్తారు? పాపం పొద్దస్తమానం ఆ గదిలోనే పడుంటారు. ఆయన కష్టం చూళ్ళేకే కదా, ఖాళీ దొరికితే నేనూ ఇంట్లోంచి కొడుతుంటాను."

"ఏమిటి కొట్టేది?"

"నువ్వు లోపలికి పో" అన్నాడు తమ్ముడు.

"ఫోనండీ. ఆ సహాయం నెంబరుకి. పొయ్యి మీద పాలు కాగేలోపు కొడతాను. వాళ్ళు ఎత్తి పెట్టేస్తారు. మళ్ళీ కొడతాను. పక్కింటావిడ కూడా కొడుతుంది. ఆవిడకి కంపెనీవాళ్ళు కుక్కరిచ్చారు. నాకింకా ఇవ్వలేదు." చివరి మాట మొగుడి వంక చూస్తూ అంది.

ఆడిటరమ్మకు బిల్లు లెక్క అర్థమైంది. ఎత్తిన ప్రతి పిలుపుకూ ప్రభుత్వం కంపెనీకి డబ్బు కడుతుంది. పిలిచిందెవరు, ఎంతసేపు మాట్లాడారు అన్నది లెక్కలోకి రాదు. అంటే ఈ ఇంట్లో పాలు కాగే లోపల, పక్కింట్లో కూర ఉడికే లోపల, ఖజానా ఇటునుంచి అటు కారిపోతోంది. ఆమెకు ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తాగిన మంచినీళ్ళు కూడా వెనక్కి వచ్చేస్తాయేమో అనిపించింది.

"పద. ఆ గది చూపించు."

"నా బస్సు..."

"అది పోతే ఇంకోటొస్తుంది. పదరా."

* * *

గది పరుపుల దుకాణం పైన ఉంది. మెట్ల నిండా దూది, రెక్సిను వాసన. వాన నీళ్ళు మెట్ల మీద నుంచి ధార కట్టి దిగుతున్నాయి. తలుపు మీద రంగు రంగుల బోర్డు: చెయ్యి చాచిన మనిషి బొమ్మ, కింద 'మీ కోసం మేము మేల్కొనే ఉన్నాం'. తలుపు తోస్తే లోపల ఒకామె కునుకు తీస్తోంది.

పొడవాటి బల్ల. బల్ల మీద వరసగా ఫోన్లు. ఒక్కటి తప్ప ప్రతి ఫోను దగ్గరా ఒక మనిషి. నిద్రలో ఉన్నామె కూడా ఫోను మోగితే కళ్ళు తెరవకుండానే రిసీవరు ఎత్తి పెట్టేస్తోంది. ఒకమ్మాయి ఒళ్ళో గుడ్డ పెట్టుకుని గుండీలు కుడుతోంది. కుడిచేతిలో సూది, ఎడమచేత్తో ఎత్తడం, పెట్టడం. గోడకు బిగించిన మీటరు ఎత్తినప్పుడల్లా టిక్కుమంటోంది. గది మొత్తంలో మనిషి గొంతు వినబడదు. మోత, టిక్కు. మోత, టిక్కు. ఏదో పురుగుల పుట్టలో చెవి పెట్టినట్టుంది.

అందరికంటే పెద్దామె లావాటి కళ్ళజోడు సర్దుకుని తమ్ముడి వెనకాల నిలబడ్డ మనిషిని చూసింది.

"కొత్తగా చేరుతున్నారాండీ? మొదటి వారం భుజం లాగేస్తుంది. తర్వాత అలవాటైపోతుంది."

"మీరు ఎవరితోనూ మాట్లాడరా?" అంది ఆడిటరమ్మ.

"మాట్లాడితే కోతండి! మాట్లాడుతూ కూచుంటే ఆ ఫోను ఇంకోసారి మోగదు కదా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఇక్కడ నోరు మూసుకుంటేనే జీతం మంచిది." కళ్ళజోడామె నవ్వింది. గుండీల అమ్మాయి కూడా నవ్వి, దారం పళ్ళతో తెంపింది.

"మరి చేసేవాళ్ళు ఏమైపోవాలి?"

"ఎవరు చేస్తారండీ? అన్నీ మనవాళ్ళవే. సూపరు గారింటి నుంచి, ఓనరు గారింటి నుంచి, ఆయన తోడల్లుడి షాపు నుంచి. వాన పడితే మాత్రం కాస్త ఎక్కువ కొడతారు. ఇవ్వాళ చూడండి, చెయ్యి విరిగిపోతోంది."

"వాన పడితే ఎందుకు ఎక్కువ కొడతారు?"

కళ్ళజోడామె కిటికీ వంక చూసింది. ఆ ప్రశ్న ఆమె ఎన్నడూ వేసుకున్నట్టు లేదు.

"వానకి బయటికి పోలేక, ఇంట్లో ఊరికే కూచుని కొడతారేమో అనుకున్నానండీ."

తమ్ముడు అక్క మోచెయ్యి పట్టుకున్నాడు. "నిజం కాల్సు రావక్కా. వచ్చుంటే నేను ఊరుకునేవాణ్ణా? ఈ నెంబరు ఒకటుందనే జనానికి తెలీదు. ఎవరికీ నష్టం లేదు. గవర్నమెంటు సొమ్ము ఎటో అటు పోయేదే."

వాడు అబద్ధమాడటం లేదు. నమ్ముతున్నాడు. ఆమెకు అసహ్యం వేసింది అందుకే. దొంగకు తను దొంగనని తెలిస్తే ఏదో ఒకనాడు సిగ్గుపడతాడు. ఇక్కడ అందరూ ఒకరి కాల్సు ఒకరు ఎత్తుకుంటూ, లోకంలో ఇంకెవరూ లేరని తీర్మానించుకున్నారు.

ఆమె ఒక ఖాళీ కుర్చీ లాక్కుని కూచుంది. ఎదుట ఫోను మోగింది. ఎత్తింది. పెట్టలేదు.

అవతల కాసేపు ఊపిరి. తర్వాత ఒక మగ గొంతు విసుక్కుంది. "ఏయ్, పెట్టవేం? నువ్వు పెడితే కదా నేను మళ్ళీ కొట్టేది. నిద్రపోతున్నావా?"

పెట్టేసింది. మళ్ళీ మోగింది. ఎత్తితే దూరంగా కుక్కరు కూత, ఎవరో పిల్లాణ్ణి తిట్టడం. తమ్ముడు తల తిప్పుకున్నాడు. అది పక్కింటి కుక్కరో, వాడి ఇంటిదో.

మూడోసారి ఎత్తితే చెవిలో హోరున వాన.

"హలో? ఎత్తారా? పెట్టెయ్యకండి! అమ్మా, మీకు దణ్ణం పెడతాను, పెట్టెయ్యకండి. మా ఫోనే పాడైనట్టుంది. పొద్దున్నించీ కలుస్తోంది, కట్టవుతోంది. మిమ్మల్ని విసిగిస్తున్నాను."

"పెట్టను. మీరెవరు?"

"ఏటవతల బడిలో టీచర్నండీ. నీళ్ళు బడి మెట్లెక్కాయి. పిల్లల్ని మేడ మీదికి తెచ్చేశాను. ఒక పడవ పంపిస్తే చాలండీ, పెద్దది." వెనక చిన్న గొంతులన్నీ కలిసి ఎక్కం చెబుతున్నాయి. టీచరు గొంతు తగ్గించింది. "ఏడుస్తారని ఎక్కాలు చెప్పిస్తున్నాను. పదమూడో ఎక్కం దగ్గర తడబడుతున్నారు."

ఆడిటరమ్మ రిసీవరును తమ్ముడి చెవికి ఆనించింది. "విను. మీవాళ్ళదేనేమో."

టీచరు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, వాడు విన్నాడు. మొహంలో రంగు చూస్తుండగానే దిగిపోయింది.

"టీచరుగారూ... పొద్దున్నించీ చేస్తున్నారా?"

"చేస్తూనే ఉన్నానండీ. పొద్దున నీళ్ళు మోకాలి లోతే. అప్పుడే పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి నడిచిపోయేదాన్ని. కానీ మీరు ఎత్తుతున్నారు కదా! మనుషులున్నారు, ఇప్పుడో ఇంకాసేపటికో వినబడుతుంది, పడవొస్తుంది అని ఆగాను. అసలు ఎవరూ ఎత్తకపోతే ఆగేదాన్ని కాదు."

తమ్ముడు రిసీవరు అక్క చేతిలో పెట్టేసి గోడ వైపు తిరిగాడు. గుండీల అమ్మాయి సూది గుడ్డకు గుచ్చి వదిలేసింది. కళ్ళజోడామె ఫోను మోగింది. ఆమె చెయ్యి చాపింది. ఎత్తలేదు. అది మోగీ మోగీ ఆగింది. ఆ గదిలో ఒక ఫోను అట్లా ఆగడం అదే మొదటిసారేమో, నిద్రపోతున్నామె కళ్ళు తెరిచింది.

ఆడిటరమ్మ పక్క ఫోను లాక్కుంది. "పడవల రేవు నెంబరెంత?"

"రేవుకి ఫోను లేదక్కా."

"ఉండేది కదా!"

"తీసేశారు. మీ ఆఫీసువాళ్ళే. సహాయకేంద్రం ఉండగా రేవుకి వేరే ఫోను దండగని. పొదుపు చెయ్యాలని."

 పడవ నడిపేవాడి దగ్గర ఫోను దండగ. పడవ పేరు చెప్పి డబ్బు గుంజేవాడి గదినిండా ఫోన్లు. ఈ నిర్ణయం రాసినవాడు ఆ రోజు కూడా ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని కడుపునిండా తినే ఉంటాడు.

"నేను పోతాను" అన్నాడు తమ్ముడు. "సందుల్లోంచి పోతే రేవు దగ్గరే. స్కూటరుంది."

"పో. పడవ కదిలిందాకా అక్కడే ఉండు. కదలగానే తిన్నగా ఇక్కడికి రా. మనం ఆఫీసుకి పోవాలి."

"వస్తాను."

"చెప్తావా?"

"చెప్తానక్కా. అంతా చెప్తాను. మా ఆవిడ కొట్టే ఫోన్ల సంగతి కూడా." వాడు తలుపు దాకా పోయి వెనక్కి చూశాడు. "ఆవిణ్ణి ఏమీ అనకు. ఆవిడకేం తెలీదు. నేను చెప్పిందే చేసింది."

మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు దిగిపోయింది. ఆమె కిటికీ దగ్గరికి పోయి చూద్దామనుకుంది. రిసీవరు వదిలిపెడితే టీచరు గొంతు పోతుందని కూచున్న చోటునుంచి లేవలేదు.

* * *

"పడవొస్తుంది. మనిషిని పంపాను" అంది ఆడిటరమ్మ ఫోనులో.

"నిజంగానా అమ్మా?" అని ఆగి, టీచరు ఎవరినో గద్దించింది. "పిట్టగోడ ఎక్కకు! దిగు! ...క్షమించండి. మీరు లైన్లోనే ఉంటారు కదా?"

"ఉంటాను."

ఈలోగా గదిలో మిగతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కళ్ళజోడామె అందరి వంకా చూసి, తన ఫోను ఎత్తి, నేర్చుకుంటున్నదానిలా మెల్లిగా "హలో, ఎవరండీ?" అంది. అవతలివాళ్ళు కంగారుపడి పెట్టేశారు. గుండీల అమ్మాయి "మీకేం కావాలండీ?" అని అడిగితే, ఎవరో ముసలాయన "ఏమీ అక్కర్లేదమ్మా, మా అబ్బాయి కొట్టమన్నాడు" అన్నాడట. ఆ పిల్ల పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు కళ్ళజోడామె ఎత్తిన ఫోనులో గొంతు గుర్తుపట్టి కాబోలు, లేచి నిలబడిపోయింది.

"అవునండీ... ఎత్తే ఉంచాం సార్... సూపరు గారి అక్కగారట సార్, ఏదో ఆఫీసు నుంచి, ఇక్కడే ఉన్నారు... సూపరు గారా? రేవుకెళ్ళారండీ, పడవ చెప్పడానికి. ఇప్పుడే, స్కూటరు మీద."

"ఎవరది?" అంది ఆడిటరమ్మ.

"ఓనరు గారండీ. అప్పుడప్పుడూ కొట్టి చూస్తుంటారు, ఎత్తుతున్నామా లేదా అని. మీకివ్వమంటున్నారు."

ఒక చెవికి టీచరు ఫోను, రెండో చెవికి ఇది. కంపెనీ ఓనర్ని ఊళ్ళో మెత్తనాయన అంటారు. ఎవరినీ ఏకవచనంతో పిలవడు, గొంతు పెంచడు. వింటే నెయ్యి రాసుకున్న చెయ్యి మెడ మీద పడ్డట్టుంటుంది.

"అమ్మగారూ, మా ఆఫీసుకి వచ్చారట. కాఫీ అయినా ఇచ్చారా మావాళ్ళు?"

"ఏటవతల బడిలో పిల్లలు నీళ్ళ మధ్య ఉన్నారు. పొద్దున్నించీ ఫోను చేస్తున్నారు."

"అయ్యో! మరి మావాళ్ళు ఎత్తలేదా?"

"ఎత్తారు."

"అదే కదండీ, ఎత్తారు." ఆ తృప్తి వింటే ఆమెకు ఆ రిసీవరు కడిగి తుడవాలనిపించింది. "మీ తమ్ముడుగారు కాస్త కంగారు మనిషి. మంచివాడు, కానీ కంగారు. మీరేం దిగులు పెట్టుకోకండి. ఆయన్ని మేం చూసుకుంటాం."

"వాణ్ణి మీరు చూసుకోనక్కర్లేదు. నేనున్నాను."

అప్పటికే పెట్టేశాడు.

ఆమె కుర్చీలో ముందుకు వంగింది. వెనక్కి పిలుద్దామంటే వాడి దగ్గర ఫోను లేదు, రేవు దగ్గరా లేదు. ఇన్ని ఫోన్ల మధ్య కూచుని ఒక్క మనిషికి ఒక్క మాట అందించే దారి లేదు. కళ్ళజోడామె తనేం తప్పు మాట్లాడిందో తెలియక చేతులు నలుపుకుంటోంది. "అడిగారని చెప్పానండీ. అడిగితే చెప్పకపోతే ఎట్లా?"

"నీ తప్పు కాదు" అంది ఆడిటరమ్మ. అనడానికి కష్టమైంది.

మొదటి చెవిలో ఎక్కాలు ఆగిపోయాయి. పిల్లల అరుపులు వినబడ్డాయి. ఆమె రిసీవరు చెవికి అదుముకుంది.

"వస్తోందమ్మా!" టీచరు ఏడుస్తూ నవ్వుతోంది. "పడవ! పెద్దదే! ఒకరి తర్వాత ఒకరు, తోసుకోకండి! అమ్మా, పెట్టేస్తున్నాను. ఈసారి నేనే పెట్టేస్తున్నాను."

పడవ వచ్చిందంటే వాడు రేవుకి చేరాడన్నమాట. చేరినవాడు తిరిగి రావాలి. ఆమె తలుపు వంక చూస్తూ కూచుంది. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా లేచింది. ఒకసారి పరుపుల కొట్టువాడు వచ్చాడు, ఇంకోసారి ఎవరూ రాలేదు, వాన చప్పుడే. ఇక ఆగలేక గొడుగు కూడా మర్చిపోయి రేవుకి నడిచింది.

రేవులో పిల్లలు గోనెసంచులు కప్పుకుని వరసగా కూచున్నారు. ఆమె "టీచరుగారూ" అనగానే ఫోనులో విన్న గొంతు గుర్తుపట్టి, బక్కగా ఉన్న ఒక చిన్న మనిషి పరుగెత్తుకొచ్చి ఆడిటరమ్మ రెండు చేతులూ పట్టుకుంది.  ఆడిటరమ్మ ఆ చేతులు వదలకుండానే, పడవకు తాడు కడుతున్న సరంగును అడిగింది.

"మా తమ్ముడేడీ?"

"స్కూటరు మీదొచ్చిన అయ్యగారా? ఆయన చెప్పబట్టే కదమ్మా పడవ తీశాను. నేనూ వస్తానన్నాడు కూడా. ఈత రాదంటే వద్దన్నాను. ఇక్కడే నిలబడ్డాడు."

"తర్వాత?"

"కారొచ్చింది. నల్లది. ఎవరో లోపల్నుంచి మాట్లాడారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను పడవ మలుపు తిప్పుకుని చూసేసరికి కారు కదులుతోంది. రేవులో ఆయన లేడు."

"ఎక్కించుకున్నారా? తనే ఎక్కాడా?"

సరంగు తాడు చివర ముడి బిగించాడు. "చూళ్ళేదమ్మా. చూసుంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి."

స్కూటరు గట్టు మీద స్టాండు వేసి ఉంది. తాళంచెవి దానికే ఉంది. ఆమె దాని సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. అమ్ముడుపోయాడా, ఎత్తుకుపోయారా? తమ్ముడి గురించి ఈ రెండింట్లో ఏది నిజం కావాలని తను కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు. అట్లా కోరుకోవలసి రావడమే ఆమెకు రోత పుట్టించింది.

ఆఫీసు మూసే వేళకు పెద్దాఫీసరు ఆమె వెనక తలుపు వైపు చూసి, మనిషెవరూ లేరని నిర్ధారించుకుని, బిల్లు మీద సంతకం పెట్టాడు.

ఏటవతల నుంచి పిల్లలందరూ వచ్చారు. టీచరు వచ్చింది. సరంగు వచ్చాడు. తమ్ముడు రాలేదు. మంగళవారం మధ్యాహ్నం, వాన వెలియక ముందు రేవు నుంచి పోయినవాడు మళ్ళీ ఎన్నడూ ఇంటికి రాలేదు.